దగ్గుకు పెట్టిన పేరు

నా గిర్నీ నా మొగుణ్ణి చంపిందని వీళ్ల తీర్మానం. తిట్టి చెప్పలేదు, గౌరవంగానే చెప్పారు. శ్రీమతి కమలకుమారి గారికి మా సానుభూతి అని మొదలుపెట్టి, మీ భర్త వీరభద్రం గారు ఫైర్ సర్వీసు మానేశాక మూడేళ్లపాటు మీ కిరాణా కొట్టు వెనక గదిలో మిరపకాయలు, పసుపు కొమ్ములు, ధనియాలు పొడి పట్టారు గనక, ఆ ధూళి కూడా ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుకు కారణం కావచ్చు గనక, ఆయన మరణం ఉద్యోగం వల్లే జరిగిందని ఒప్పుకోలేకపోతున్నాం అని ముగించారు. క్యాన్సర్ అయినా బాగుండేది. ఇలా అనుకోవడానికే రోతగా ఉంది, కానీ నిజం. ఫైర్ వాళ్లకు ఫలానా క్యాన్సర్లు వస్తే ఉద్యోగం వల్లే వచ్చిందని అడక్కుండానే ఒప్పుకునే లిస్టు ఒకటి ఉంది. ఆయన జబ్బు ఆ లిస్టులో లేదు. లిస్టులో లేని జబ్బుతో పోయినవాడి పెళ్లాం వచ్చి నిరూపించుకోవాలి. సస్కటూన్‌లో ఫిబ్రవరి పొద్దున, ఉద్యోగంలో దెబ్బతిన్నవాళ్లకు పరిహారం తేల్చే బోర్డు ఆఫీసు పై అంతస్తులో, అందరి బూట్ల మంచు కరిగి కార్పెట్ మీద మడుగు కడుతుంటే నేను నిరూపించుకోవడానికి కూర్చున్నాను. ఇదే ఆఖరి అప్పీలు. పక్కన మా వియ్యపురాలు శకుంతల గారు ఫ్లాస్కు నిండా టీ పెట్టుకుని వచ్చింది, ఒక్కరే ఎలా వెళ్తారు వదినగారూ అని తోడు వచ్చింది. ఆవిడ రాకపోతే బాగుండేది. లోపలికి పిలిచాక నేను చెప్పాల్సిన నిజం ఒకటుంది. అది ఈ ఊళ్లో ఎవరైనా వినొచ్చు గాని ఆవిడ వినకూడదు.

గోడ మీద పోస్టరులో హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి నవ్వుతోంది, కింద మీ క్షేమమే మా పని అన్న అర్థం వచ్చేట్టు ఏదో రాశారు. నేనూ కొట్లో పోస్టర్లు అంటిస్తాను. వాడిపోవడానికి సిద్ధంగా ఉన్న గోంగూర దగ్గరే తాజా అని పెద్ద అక్షరాలు పెడతాను, కాబట్టి పోస్టరు ఎక్కడ పెడతారో, ఎందుకు పెడతారో నాకు తెలుసు. శానిటైజర్ వాసన, తడి ఉన్ని వాసన, ఆవిడ టీలో యాలకుల వాసన. ఆయన మాత్రం పొగ వాసనతో వచ్చేవాడు. తలుపు తీయకముందే తెలిసేది. తలంటుకుని పడుకున్నా రెండు రోజులు చెమటలోంచి పొగే వచ్చేది, దిండు గలీబులు ఉతికితే టబ్బులో నీళ్లు నల్లగా తిరిగేవి. కొత్తలో నాకది గొప్పగా ఉండేది, మొగుడు కష్టపడి వచ్చిన వాసన అనుకునేదాన్ని. ఆ నల్లనీళ్లు ఆయన లోపలికి కూడా పోతున్నాయన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. ధాన్యం గోదాములు, ఎరువుల షెడ్లు, పాత ఇళ్ల అటకలు. మంట దగ్గర మాస్కు పెట్టుకుంటారు, మంట ఆరాక బూడిద కెలికేటప్పుడు తీసేస్తారు. ఆ రోజుల్లో అందరూ అంతే చేసేవారు, ఉక్కపోస్తుంది, ఎదుటివాడి మాట వినబడదు. ఇరవై ఏళ్ల పైన ఆ బూడిద కెలికాడు. నా గిర్నీ ముందు మూడేళ్లు నిలబడ్డాడు. రెండూ తూకం వేసి వీళ్లు మిరపకాయల వైపు మొగ్గు ఉందన్నారు. నేను అలా తూకం వేస్తే కస్టమర్లు కొట్టు ముందు నిలబడి తిడతారు.

తర్వాత మన పిల్లలు రావడం మొదలైంది. ప్రతి సెమిస్టరుకూ ముందు ఎయిర్‌పోర్టు నుంచి సూట్‌కేసులతో నేరుగా నా కొట్టుకే వచ్చేవాళ్లు, ఆంటీ రూమ్ దొరుకుతుందా, ఆంటీ పార్ట్‌టైమ్ ఉందా అని. ఒక్కో బేస్‌మెంట్‌లో ఏడెనిమిది మంది, నేల మీద పరుపులు, పరుపుల పక్కనే హీటర్లు, పొయ్యి మీద నూనె మూకుడు మరిచిపోయి షిఫ్టుకు పరిగెత్తేవాళ్లు. అద్దె గుంజుకునే ఇంటివాళ్లు పొగ అలారం బ్యాటరీ కూడా వేయించరు, అందులో మనవాళ్లే ఎక్కువ, తర్వాత గుడిలో అన్నదానానికి పేరు రాయించుకుంటారు. మంట లేచినప్పుడు పిల్లలు పొగలోంచి వచ్చే మాస్కు మనిషిని చూసి బెదిరి బాత్రూంలోకి దూరి గడియ పెట్టుకునేవాళ్లట. అందుకని ఈయన మాస్కు తీసి తెలుగులో పిలిచేవాడు, బిడ్డా, నేను కొట్టు అంకుల్‌ని, తలుపు తియ్యి అని. తీసేవాళ్లు. ఇంటికొచ్చి అన్నం తింటూ చెప్పేవాడు, మన మాట వినగానే ఎట్లా తీశారో చూడాల్సింది కమలా అని. నేనూ సంతోషించాను. ఆ సంతోషానికి ఎంత పొగ ఖర్చయిందో ఎవరు లెక్కగడతారు? రూలు ప్రకారం మాస్కు తీయకూడదు, కాబట్టి ఆయన ఎక్కడా చెప్పలేదు. నేను ఇవాళ చెబితే, రూలు తప్పింది మీ ఆయనే కదా అంటారు.

శకుంతల గారు ఫోనులో ఏదో వీడియో గట్టిగా పెట్టింది, ఎవరో స్వామి మనసు శాంతి గురించి మాట్లాడుతున్నాడు, కౌంటరు వెనక అమ్మాయి తలెత్తి చూసింది. ఆవిడ ఆపి, మీరు టీ తాగండి వదినగారూ, ముఖం పీక్కుపోయింది అంది. వద్దన్నాను. ఆవిడ మంచిదే, ఇప్పటిదాకా నాతో ఒక్క మాట తేడాగా అనలేదు. అంత మంచితనం ఉచితంగా రాదని నాకు ముందే తెలియాల్సింది.

దగ్గు గిర్నీ కంటే ముందే వచ్చింది. ఇదీ నేను లోపల చెప్పాల్సిన నిజం. ఇంత చిన్న మాట, ఇది చెప్పకనే రెండు అప్పీళ్లు పోయాయి. గిర్నీ కొనడానికి ముందు చలికాలమే మొదలైంది, పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, ఏదైనా మోసుకొస్తే మధ్యలో ఆగి గోడ పట్టుకోవడం. సర్వీసులో ఉన్నాడు అప్పటికింకా. అదే సమయంలో మా అమ్మాయి సుధకు శకుంతల గారి అబ్బాయి తారక్‌తో సంబంధం మాట్లాడుతున్నాం. సుధ, తారక్ ఒకరినొకరు ఇష్టపడ్డారు, పెద్దవాళ్లం మేం చేయాల్సింది చెడగొట్టకుండా ఉండడమే. తండ్రికి ఊపిరితిత్తుల జబ్బు అంటే సంబంధాల్లో ఏమవుతుందో అందరికీ తెలుసు. వంశంలో ఉందేమో, పిల్లకీ వస్తుందేమో, రేపు తల్లి బాధ్యత మన నెత్తిన పడుతుందేమో అని ఆలోచిస్తారు. ఎదురుగా ఏమీ అనరు, ముహూర్తాలు కుదరడం లేదంటారు. వీరభద్రం వాళ్ల అక్కకు అలాగే తప్పిపోయిందట ఒక సంబంధం, తండ్రికి టీబీ అని తెలిసి. అది ఆయన మనసులో ఉండిపోయింది. పెళ్లి అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దు, డాక్టరు దగ్గరికీ పోను, ఈ ఊళ్లో మనవాళ్లు పని చేయని ఆస్పత్రి ఏదుంది అన్నాడు. అదీ నిజమే. ఎక్స్‌రే తీసే అమ్మాయి దమయంతి నాకు వారం వారం కస్టమరు.

ఆ వేసవిలో పాత గిర్నీ ఒకటి దొరికింది. ప్యాకెట్ కారం పిల్లలకు నచ్చడం లేదు, వరంగల్ మిరపకాయ తెప్పించి ఎదురుగా పట్టించి ఇస్తే లైను కడతారని నేనే అన్నాను. లైను కట్టారు కూడా. ఆ పొడి గాలిలో లేచిన మొదటి రోజు కొట్లో ఉన్నవాళ్లందరూ దగ్గారు, నవ్వుకున్నారు, ఈయనా దగ్గాడు, ఎవరూ ఆయన వైపు చూడలేదు. ఆ సాయంత్రం షట్టర్ వేస్తూ అన్నాడు, చూశావా, ఇక్కడ నిలబడితే నా దగ్గు కనపడదు. అప్పటినుంచి ఎవరొచ్చినా గిర్నీ ఆన్ చేసేవాడు. శకుంతల గారు, ఆవిడ భర్త విశ్వనాథం గారు మొదటిసారి మా కొట్టు చూడ్డానికి వచ్చినప్పుడు పట్టేదేమీ లేకపోయినా గుప్పెడు మిరపకాయలు వేసి తిప్పాడు. దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, ఏమనుకోకండి బావగారూ, మా కారం అట్లాంటిది అన్నాడు. విశ్వనాథం గారు ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో పని చేసి రిటైరైన డాక్టరు. ఆయన పెద్దగా నవ్వి, ఘాటు ఉంటేనే కదండీ కారం, మాకో కిలో కట్టండి అన్నాడు. డాక్టరే నమ్మాడు, ఇంక గండం గడిచిందని మేమిద్దరం ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాం.

ఫైర్ వాళ్లకు ఏటా ఊపిరి పరీక్ష ఉంటుంది, గొట్టంలోకి బలంగా ఊదాలి. అందులో దొరికిపోతాడు. దొరికితే సర్వీసులో నలుగురికి తెలుస్తుంది, నలుగురి నుంచి మనవాళ్లకు తెలుస్తుంది. పరీక్ష వచ్చేలోపు రాజీనామా ఇచ్చాడు, వ్యాపారం పెరిగింది, చూసుకోవాలి అని రాసి. ఆ ఒక్క పరీక్షకు కూర్చుని ఉంటే ఇవాళ నేను ఈ తడి కార్పెట్ చూస్తూ కూర్చునేదాన్ని కాదు. తెలుగు సంఘం వాళ్లు శాలువా కప్పారు, పూలదండ వేశారు, మైకు ఇచ్చారు. మైకు ఇస్తే మనవాళ్లేం మాట్లాడతారు? భగవంతుడి దయవల్ల సంపూర్ణ ఆరోగ్యంతో పదవీ విరమణ చేస్తున్నాను అన్నాడు. ఆ వీడియో ఇప్పటికీ నెట్‌లో ఉంది. బోర్డు వాళ్లు ఎవరితోనో దాన్ని ఇంగ్లీషులో రాయించుకుని ఫైలులో పెట్టుకున్నారు. ఆయన చచ్చాక వాళ్లు చదివిన మొదటి తెలుగు ప్రసంగం అదే అయ్యుంటుంది.

వాళ్ల మనిషి కొట్టుకు కూడా వచ్చాడు, ఏదీ అడ్డం పెట్టకుండా అన్నీ చూపించాను. సాయంత్రం షిఫ్టు చేసే కావ్యశ్రీని అడిగాడు. నల్గొండ పిల్ల, చదువుకుంటూ నా దగ్గర పనిచేస్తుంది, అబద్ధం ఆడడం రాదు. అంకుల్ ఎప్పుడు దగ్గేవారు అంటే, గిర్నీ దగ్గర నిలబడ్డప్పుడు సార్ అంది. అతను వెళ్లాక నా దగ్గరికొచ్చి ఏడ్చింది, నేనేమన్నా తప్పు చెప్పానా ఆంటీ అని. ఏం తప్పు? మేం చూపించిందే చూసింది. సరుకు అంత బాగా అమ్మాం, ఇప్పుడు వాపసు ఇమ్మంటే ఎవరూ ఇవ్వడం లేదు.

మేం ఒక్కళ్లమే దాచలేదు. తారక్‌కు మాంట్రియల్‌లో అంతకుముందు ఒక పెళ్లయి తొందరగానే విడిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. అక్కడి నుంచి వచ్చిన స్టూడెంట్ ఒకడు పప్పులు తూకం వేయించుకుంటూ మాటల్లో అన్నాడు. శకుంతల గారు వాళ్లు మాత్రం నిశ్చితార్థం దాకా వెళ్లి ఆగిందని చెప్పారు. సుధను అడిగితే, తారక్ టోల్డ్ మీ ఆన్ అవర్ ఫస్ట్ డేట్ అమ్మా, ఇట్స్ ఫైన్ అంది. పిల్లలు మొదటి రోజే చెప్పుకున్నదాన్ని పెద్దవాళ్లం పట్టుచీరలు కట్టుకుని, స్వీట్ బాక్సులు మార్చుకుంటూ దాచుకున్నాం. వాళ్లది నాకు తెలుసు, మాది వాళ్లకు తెలియదు, కాబట్టి బేరంలో మేమే ఒక మెట్టు పైన ఉన్నామనుకున్నాను. ఆ మెట్టు మీద నిలబడే పెళ్లి చేశాను. ఆ తర్వాత కరోనా వచ్చింది. ఆయన దగ్గితే షాపులో జనం విడిపోయి దారి ఇచ్చేవాళ్లు, ఇక దాచడానికి ఏ కారమూ సరిపోలేదు. స్పెషలిస్టు దగ్గరికి వెళ్తే, ఈ జబ్బు పోదు గాని మందులతో నెమ్మదిస్తుంది, రెండేళ్లు ముందు వచ్చి ఉండాల్సింది అన్నాడు. ఆక్సిజన్ గొట్టంతో కొట్లో కూర్చుని, ఆఖరి వారం దాకా బిల్లింగ్ చూశాడు.

లోపలి తలుపు తెరుచుకుంది, ఎవరో పెద్దాయన చేతికర్రతో బయటికి వచ్చాడు, వెనక ఆయన భార్య. తర్వాత మేమే. ఇవాళ వీళ్లు కాదంటే నా భర్త ఉద్యోగంలో పోయినవాళ్లలో లెక్కకు రాడు, సర్వీసు స్మారకం మీద ఆయన పేరు ఎక్కదు, నాకు రావాల్సిన పెన్షన్ రాదు. నాకు పెన్షన్ కావాలి, కావాలని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. కానీ దానికంటే, ప్రభుత్వం ముద్రేసిన కాగితం మీద నా కొట్టే ఆయన్ని చంపిందని ఉండిపోతుంది. నేను రోజూ తాళం తీసి అదే కొట్లోకి వెళ్లాలి. నిజం చెప్పాలి. చెబితే ఈవిడ వింటుంది, రేపు మా సుధ ఆ ఇంట్లో మోసం చేసిన వాళ్ల కూతురై తిరగాలి. మొన్న ఫోనులో సుధ, వాట్ ఆర్ యూ హైడింగ్ అమ్మా అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఏమీ లేదు అనే మాట నా నోట్లో అరిగిపోయింది. నా నోరంటే నాకే అసహ్యం వేసింది. తలుపు చాటున ఈవిడకు తెలియడం కంటే నా నోటితో తెలియడమే మేలనిపించింది.

"వదినగారూ, లోపల నేనొక మాట చెప్పబోతున్నాను. ముందు మీకే చెబుతున్నా. ఆయన దగ్గు కారం వల్ల వచ్చింది కాదు. మీరు మా కొట్టుకు రాకముందు నుంచీ ఉంది. సంబంధం తప్పిపోతుందని దాచాం."

ఆవిడ ఫ్లాస్కు మూత బిగిస్తోంది. బిగించడం పూర్తయ్యాక నా వైపు చూసింది, ఎంతో జాలిగా చూసింది.

"ఆ సంగతా. మాకు తెలుసుగా వదినగారూ."

ఆవిడే చెప్పుకుపోయింది, ఊరట చెబుతున్నాననే అనుకుంటోంది. ఆ రోజు మా కొట్టు నుంచి కారెక్కగానే మీ అన్నయ్యగారు అన్నారు అంది, మీ అన్నయ్యగారంటే విశ్వనాథం గారే. కాఫీ గ్లాసు అందిస్తుంటే వీరభద్రం గారి వేళ్లు చూశారట. కొనలు ఉబ్బి, గోళ్లు గుండ్రంగా వంగి ఉన్నాయట. అలా కావడానికి చాలా కాలం పడుతుంది, రెండు నెలల మిషను వల్ల రాదు, లోపల ఊపిరితిత్తులు ఎండిపోతున్నాయి, ఎన్నాళ్లో ఉండడు పాపం అన్నారట.

"మరి మాకు చెప్పలేదేం?"

"మీరే దాచుకుంటుంటే మేమెలా అంటామండీ, మర్యాదగా ఉంటుందా? పైగా అంటే పెళ్లి వాయిదా పడుతుంది. మావాడికి అప్పటికే ఒకసారి..." అని ఆగిపోయింది.

ఉబ్బిన వేళ్లు. నేను రోజూ అన్నం పెట్టిన వేళ్లు. నాకు కనపడలేదు, నాకు చూడడం రాదు. విశ్వనాథం గారికి వచ్చు. చూసి, నవ్వి, ఒక కిలో కారం కట్టించుకుని వెళ్లాడు. పెళ్లిలో కన్యాదానం పీటల మీద ఈయన దగ్గు బిగబట్టుకుంటుంటే, విశ్వనాథం గారే వంగి, పంతులుగారూ హోమం పొగ కాస్త తగ్గించండి అన్నాడు, నీళ్ల గ్లాసు తెప్పించి ఇచ్చాడు. ఎంత శ్రద్ధ గల మనిషి, మా పిల్ల అదృష్టం అని నేను అందరికీ చెప్పుకున్నాను. ఆ రోజు ఒక్క మాట చెవిలో వేసినా రెండేళ్లు ముందు మందు మొదలయ్యేది. తెలిసి నీళ్లిచ్చాడు. వాళ్లకు తెలియదని మేం ఆడిన నాటకాన్ని ఆయన ముందు వరసలో కూర్చుని చూసి చప్పట్లు కొట్టాడు. నోట్లో చేదు ఊరింది, నిజంగానే, కర్చీఫు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. ఈ టీ వాసన, ఈ యాలకులు, ఈ మర్యాద. మేం కూడా తక్కువ తినలేదు, ఆ రోతలో సగం మాదే, దాన్ని వేరే ఎవరి గుమ్మంలో పారేయను. కానీ ఇన్నేళ్లు గల్లాపెట్టె ముందు కూర్చున్న బుద్ధి ఊరుకోదు కదా, కర్చీఫు వెనకాలే పని చేయడం మొదలుపెట్టింది. ఈయన సర్వీసులో ఉండగానే ఆయన చూశాడు. డాక్టరు. గిర్నీ వల్ల కాదని ఆ రోజే అన్నాడు. నిశ్చితార్థం ఫొటోల్లో ఆ వేళ్లు ఉంటాయి, ఫొటోలు నా దగ్గర ఉన్నాయి, వాటిని చదివి చెప్పగల నోరు ఆయన దగ్గర ఉంది. నేను ఊరంతా వెతికిన సాక్షి నా వియ్యంకుడు.

లోపలి నుంచి ఒకావిడ వచ్చి నా పేరు పిలిచింది. నేను లేచాను. నా ముఖంలో ఏం కనపడిందో గాని శకుంతల గారు నా కొంగు పట్టుకుంది, గొంతు తగ్గించింది.

"ఆయన పేరు ఎత్తకండి వదినగారూ. పెద్ద వయసులో ఆయన్ని ఇందులోకి లాగొద్దు. సుధ మా ఇంట్లో ఉంది, ఒకసారి ఆలోచించుకోండి."

"ఆలోచించే ఎత్తుతున్నా. రేపు దాని వేళ్లు ఉబ్బితే మీ ఇంట్లో నోరు తెరిచేవాళ్లు ఎవరున్నారు?"

కొంగు వదిలింది. లోపల బల్ల వెనక ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో ఆవిడ కళ్లజోడు సర్దుకుని, ఇదివరకు చెప్పింది కాక కొత్తగా ఏమైనా ఉందా అని అడిగింది. ఉంది, ఒక డాక్టరు ఉన్నాడు, నా భర్త ఇంకా సర్వీసులో ఉండగా ఆయన చేతులు చూసి జబ్బు గుర్తుపట్టాడు, ఆయన్ని పిలిచి అడగండి అన్నాను. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంది. నాకు ఇప్పుడే తెలిసింది అన్నాను. పేరు చెప్పాను, ఇంటి నంబరు చెప్పాను. ఆయన మీకేమవుతారంది. మా అమ్మాయి మామగారు అన్నాను. పెన్ను ఆగింది. ఈ మాట చెప్పమని మీ మీద ఎవరి ఒత్తిడీ లేదు కదా అని మెల్లగా అడిగింది.

ఇన్నాళ్లూ చెప్పొద్దనే ఒత్తిడి అని చెప్పి, వెనకాల తెరిచి ఉన్న తలుపు నేనే మూసి వచ్చి కూర్చున్నాను.